బెల్లీ డ్యాన్స్ క్లాసు చెప్పడానికి వెళ్ళేటప్పుడు సంచీలో ఏమేం పెట్టుకోవాలి?

నాగమల్లి – గుంటూరు

అందరికీ నమస్కారం. మాది బ్రాడీపేట. బెంగళూరులో ఉద్యోగం చేసిన నాలుగేళ్ళూ బెల్లీ డ్యాన్స్ నేర్చుకున్నాను. నిరుడు పెళ్ళయి మళ్ళీ ఈ ఊరు వచ్చాను. నేర్పుతావా అని తెలిసినవాళ్ళు అడగగా అడగగా చివరికి సరేనన్నాను. అరండల్‌పేటలో ఒక మేడ మీద హాలు గంట లెక్కన అద్దెకు మాట్లాడాను. వచ్చే సోమవారం సాయంత్రం 5 గంటలకు మొదటి క్లాసు. 8 మంది పేర్లిచ్చారు, అందరూ ఆడవాళ్ళే. చిన్నమ్మాయికి 19 ఏళ్ళు, పెద్దావిడకి 52.

నేర్చుకునేటప్పుడు నా సంచీలో ఒక చున్నీ, నీళ్ళ సీసా ఉంటే చాలు. మిగతావన్నీ మా టీచర్‌గారే చూసుకునేవారు. చక్రాల సూట్‌కేసు ఒకటి లాక్కుంటూ వచ్చేవారు. అందులో ఏముండేవో అప్పట్లో అడగాలని తోచలేదు.

ఇప్పటికి సర్దినవి: బ్లూటూత్ స్పీకరు, నాణేలు కుట్టిన నడుం చున్నీలు రెండు, నా జిల్స్ (తెలియనివాళ్ళ కోసం, వేళ్ళకి తొడుక్కునే చిన్న ఇత్తడి తాళాలు), నా సిల్కు వెయిల్ (చేతుల్లో పట్టుకుని గాల్లో తేలిస్తూ ఆడే పొడుగు గుడ్డ), తువ్వాలు, నీళ్ళు. నిన్న రాత్రి ఇవన్నీ మంచం మీద పరిచి చూసుకున్నాను. ఏదో తక్కువైనట్టే ఉంది, అదేంటో అంతు చిక్కడం లేదు. అందరికీ నాణేల చున్నీలు నేనే కొనాలా? జిల్స్ మొదటి రోజే చూపించాలా? ఇలాంటి క్లాసులు చెప్పేవాళ్ళు ఎవరైనా ఉంటే, మీరు నిజంగా మోసుకెళ్ళేవి ఏంటో చెప్పండి. చాలా టెన్షన్‌గా ఉంది.

గట్టు మీద ఇల్లు – విజయవాడ, కృష్ణలంక

నేను జుంబా చెప్తాను, మీది నాకు తెలియదు. అద్దె హాలు సంగతి మాత్రం చెప్పగలను. ప్లగ్ పాయింటు ఎప్పుడూ మనకు అక్కర్లేని మూలే ఉంటుంది. పొడుగు వైరున్న ఎక్స్‌టెన్షన్ బాక్సు పెట్టుకోండి. స్పీకరు ముందురోజు రాత్రే ఛార్జింగ్ పెట్టండి, కరెంటు పోయినా క్లాసు ఆగదు. పాటలు ఫోన్లోకి దించుకుని ఉంచండి. క్లాసు జరుగుతున్నంతసేపూ ఫోను ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, లేకపోతే సరిగ్గా అందరికీ లయ దొరికిన క్షణంలో ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. ఆల్ ది బెస్ట్ అండీ.

మొగల్రాజపురం మేడ – విజయవాడ

నాగమల్లీ, నువ్వు అంటున్నానని ఏమీ అనుకోకు, మా ఆఖరి చెల్లెలి వయసుదానివి. తొమ్మిదేళ్ళ నుంచి చెప్తున్నాను. వారానికి మూడు రోజులు మా మేడ మీద, శని ఆదివారాలు భవానీపురంలో అద్దె హాల్లో. అందుకని సంచీ సంగతి నాకు బాగా తెలుసు, ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తిరిగినదాన్ని.

నువ్వు సర్దినవన్నీ నీకు కావలసినవి. వచ్చే 8 మందికి కావలసినవి అందులో లేవు. తక్కువైనట్టు అనిపిస్తున్నది అదే.

ముందు చున్నీల సంగతి చెప్తాను, ఎందుకంటే అక్కడే నేను పెద్ద పొరపాటు చేశాను. నా మొదటి బ్యాచ్‌కి ఒకావిడ చీరలో వచ్చారు. 50 దాటిన మనిషి. గుమ్మం దగ్గరే నిలబడి “ఊరికే చూసి పోదామని వచ్చానమ్మా” అన్నారు. కాళ్ళు మాత్రం అప్పటికే పాటకి తగ్గట్టు కదులుతున్నాయి. సంతోషపడిపోయి నా దగ్గరున్న నాణేల చున్నీ ఇచ్చాను. అది మూడు మూలల చిన్న గుడ్డ. ఆవిడ వెనక్కి చేతులు పెట్టి కట్టుకోబోయారు. రెండు కొసలూ అందలేదు. ఊపిరి బిగబట్టి మళ్ళీ లాగారు. వేళ్ళ మధ్య ఇంకా బెత్తెడు ఎడం. అందరూ చూస్తున్నారు. చున్నీ మడత పెట్టి నా చేతికిచ్చి, నవ్వి, గోడ పక్కన కుర్చీలో కూర్చున్నారు. మళ్ళీ రాలేదు. ఆ బెత్తెడు ఎడం నేను మర్చిపోలేదు.

ఆ వారమే మంగళగిరి నూలు చున్నీలు 6 కొన్నాను. ఒక్కోటి రెండున్నర మీటర్లు. ఎవరి నడుముకైనా అందుతుంది, ఇంకా కొసలు వేలాడతాయి. నూలు గుడ్డ బట్టల మీద పట్టు వదలదు. జార్జెట్ అయితే రెండు షిమ్మీలకే (ఒళ్ళు గబగబా అదిలించే కదలిక) జారి తొడల మీదికి వస్తుంది. నిలువుగా నాలుగు మడతలు పెట్టి నడుం మీద కాదు, ఆ కింద తుంటి ఎముక మీద కట్టించు. ముడి పక్కకి రావాలి. నాణేలవి మూడో వారం దాకా బయటికి తీయకు. మొహమాటపడే మనిషికి తన ఒంటి మీంచి గలగల వినపడగానే కదలిక ఆగిపోతుంది. ఒకసారి తుంటి కొట్టడం వచ్చాక అదే శబ్దం కావాలని వాళ్ళే అడుగుతారు. అప్పుడు నాణేలు చాలా ఉపయోగం, దెబ్బ తాళం మీద పడిందో లేదో చెవికే తెలిసిపోతుంది.

దాంతోపాటు ఒక పొడుగు కుర్తా, పెద్ద సైజు లెగ్గింగు ఒకటి ఎప్పుడూ సంచీలో ఉంచుతాను. చీరతో వచ్చేవాళ్ళు ఇప్పటికీ వస్తారు. పొట్ట కనిపించే బట్టలు వేసుకోవాలేమోనని భయపడే వాళ్ళకి నేను ఒకటే చెప్తాను. ఈజిప్టులో బలదీ, సయీదీ అనే జానపద నాట్యాలు ఆడేటప్పుడు పాదాల దాకా ఉండే గలబియ్యా అనే వదులు గౌను వేసుకుని తుంటికి ఒక గుడ్డ కడతారు, అంతే. మనం సినిమాల్లో చూసే రెండు ముక్కల మెరుపుల డ్రెస్సు కైరో క్లబ్బుల్లో పెరిగింది. బదియా మసాబ్ని అనే ఆవిడ 1926లో అక్కడ క్లబ్బు తెరిచి, నాట్యాన్ని పెద్ద స్టేజీకి ఎక్కించింది. అది స్టేజీ కోసం పుట్టిన వేషం. మన క్లాసుకి కుర్తా, నూలు చున్నీ చాలు.

తర్వాత దుప్పట్లు. నవ్వుతావేమో గానీ నిజం చెప్తున్నాను. మేడ మీద హాలు అన్నావు. కిటికీలు ఎటు ఉన్నాయో చూశావా? పాత దుప్పట్లు రెండు, బట్టలారేసే క్లిప్పులు ఒక డజను పెట్టుకో. ఎదురు మేడ మీద ఎవరో ఒకరు నిలబడి చూస్తున్నారని అనుమానం వచ్చిందంటే చాలు, ఎనిమిది మందీ బొమ్మల్లా నిలబడతారు. అలాగే ఒక గుడ్డ సంచీ. రాగానే అందరి ఫోన్లూ అందులో వేయించు, నీ ఫోను పాటలకే. వీడియోలు ఉండవని మొదటి నిమిషంలోనే చెప్పెయ్. ఆ మాట విన్నాక భుజాలు దిగడం నీకు కనిపిస్తుంది.

వెయిల్‌కి డబ్బులు పెట్టకు. పాత షిఫాన్ చీర ఒకటి తీసుకో. చీర 5.5 మీటర్లు, నడిమికి కోస్తే ఒక్కో ముక్క 2.75 మీటర్లు, అంటే 3 గజాలు. వెయిల్ కొలత సరిగ్గా అదే. జరీ అంచు ఉంటే కత్తిరించెయ్, ఆ బరువుకి గుడ్డ గాల్లో తేలదు. కోసిన చోట పీకో చేయించు, చీరకి ఫాల్ కుట్టేవాళ్ళే చేస్తారు. ఒక్క చీరతో ఇద్దరికి అయిపోతుంది. మా దగ్గర ఒకమ్మాయి వాళ్ళ అమ్మమ్మ నీలం షిఫాన్ చీర తెచ్చి కోయించుకుంది. కత్తెర పెట్టే ముందు అమ్మమ్మకి ఫోన్ చేసి అడిగింది కూడా. ఒక్కటి మాత్రం మర్చిపోకు, వెయిల్ చేతికిచ్చే ముందు సీలింగ్ ఫ్యాన్ కట్టెయ్. ఒకసారి మా దగ్గర కొస ఫ్యాన్ రెక్కకి చుట్టుకుని చేతిలోంచి లాక్కుపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు, కానీ ఆ చప్పుడికి నా గుండె ఆగినంత పనైంది. బెజవాడ ఎండలకి ఫ్యాన్ లేకుండా పది నిమిషాలకి మించి ఉండలేం కాబట్టి ఆ పది నిమిషాలే వెయిల్ చెప్తాను. రోహిణి కార్తెలో అసలు చెప్పను.

ఇక చిన్న డబ్బా. స్టీలుది, పోపుల డబ్బా అంత ఉంటుంది. నా సంచీ మొత్తంలో ఎక్కువసార్లు తెరిచేది అదే. పిన్నీసులు, సూదీ దారం, జుట్టు రబ్బర్లు, ప్యాడ్లు, మైక్రోపోర్ టేపు, బొట్టుబిళ్ళల అట్ట ఒకటి. షిమ్మీ చేస్తుంటే మంగళసూత్రం గొలుసు ఎగిరి గుండెల మీద కొడుతుంది, చేత్తో పట్టుకుంటే చెయ్యి ఆగిపోతుంది. పిన్నీసుతో బట్టకి పెట్టేస్తే సరి. మట్టెలు తీయమని నేను ఎవరినీ అడగను. వేలి చుట్టూ టేపు వేస్తాను, అంచు పక్క వేలిని కొయ్యదు. బొట్టుబిళ్ళలు ఎందుకంటే చెమటకి రాలిపోతాయి. బోసి నుదుటితో ఇంటికి వెళ్ళడం కొందరికి ఇష్టం ఉండదు.

ఒక నోటుబుక్కు. క్లాసు మొదలవక ముందే ఒక్కొక్కరినీ పక్కకి పిలిచి, నడుం నొప్పి, బీపీ, ఆపరేషన్లు, కాన్పు ఎప్పుడైందో, ఇప్పుడు కడుపుతో ఉన్నారేమో అడిగి రాసుకో. నా రెండో ఏడు ఒకమ్మాయికి సిజేరియనై మూడు నెలలే అయింది. నేను అడగలేదు, తను చెప్పలేదు. పొట్ట కండరాలు అలలాగా తిప్పడం చెప్తుంటే కుట్ల దగ్గర పట్టేసి నేల మీద కూర్చుండిపోయింది. డాక్టరుగారు పరవాలేదన్నారు గానీ, తప్పు నాదే. ఇప్పుడు కాన్పయినవాళ్ళు డాక్టరుని అడిగి వస్తేనే మొదలుపెడతాను. మొదటి నెల చేతులు, భుజాలు, నడకే చెప్తాను.

తాగడానికి నీళ్ళతోపాటు ఉప్పేసిన మజ్జిగ రెండు లీటర్లు. ఓఆర్ఎస్ ప్యాకెట్లు నాలుగు, ప్యాకెట్టు మీద రాసినన్ని నీళ్ళలోనే కలుపు.

జిల్స్ సంగతి రాస్తూ కూర్చుంటే తెల్లారుతుంది, అయినా రాస్తాను. మొదటి రోజు కాదు, మూడో వారం నుంచి ఇస్తాను. చేతికి రెండు, బొటనవేలికి ఒకటి, మధ్యవేలికి ఒకటి. మొత్తం నాలుగు. ఎలాస్టిక్ గోరు మొదలుకీ మొదటి కణుపుకీ మధ్య కూర్చోవాలి. వదులైతే తాళం తలవాల్చి ‘టక్’ మంటుంది, సరిగ్గా ఉంటే ‘టింగ్’ మని సాగుతుంది. బిగువైతే రెండు నిమిషాల్లో వేలికొస నల్లబడుతుంది. అందుకే ఎవరి వేలికి వాళ్ళకి పిన్నీసుతో కొలిచి, తర్వాత కుడతాను. చెమటకి ఎలాస్టిక్ సాగిపోతుంది, కాబట్టి సంచీలో ఎప్పుడూ ఒక మీటరు ఉండాలి. కింద ఇంటివాళ్ళతో మాట రాకుండా చంటిపిల్లల సాక్సులు కొని తాళాల మీద తొడుగుతాను. చప్పుడు తగ్గుతుంది, వేళ్ళకి అలవాటూ అవుతుంది.

తాళం ఎలా చెప్పాలో కూడా చెప్తాను. ఈజిప్టులో వాయించే డ్రమ్ముని తబలా అనే అంటారు గానీ అది మన తబలా కాదు, నడుం సన్నగా ఉన్న కూజాలా ఉంటుంది. మధ్యలో కొడితే దుం, అంచున కొడితే తెక్. మల్‌ఫూఫ్ అనే నడక 3, 3, 2గా విరుగుతుంది. ‘దుం తెక్ తెక్’ అని ఏడాదిపాటు చెప్పాను, ఎవరికీ ఎక్కేది కాదు. ఒకరోజు ‘తకిట తకిట తక’ అన్నాను. చిన్నప్పుడు సంగీతమో డ్యాన్సో నేర్చుకున్న వాళ్ళు నలుగురున్నారు, వాళ్ళ చేతులు వాటంతట అవే లేచాయి.

గజ్జెల మూట – విజయవాడ, పటమట

నేను పిల్లలకి కూచిపూడి చెప్తాను. మా ఊరు కూచిపూడి పక్కనే. మొగల్రాజపురం అక్కయ్యగారు రాసినవన్నీ బాగున్నాయి. ఒక్కదాంట్లో నాది వేరే మాట. తాళాలు నెలల తర్వాత ఇవ్వడమే మంచిది. మా దగ్గర పిల్లలకి గజ్జెలు అంత త్వరగా కట్టం. పాదం లయలో నిలబడ్డాకే కడతాం. చేతుల్లో మోగేది ఉంటే కాలు ఏం చేస్తుందో మనిషి మర్చిపోతాడు. ముందు చప్పట్లతో తకిట నిలవనివ్వండి.

నేల సంగతి ఎవరూ రాయలేదు. అద్దె హాళ్ళలో గ్రానైటో టైల్సో ఉంటాయి. పెళ్ళి చూపులో, పుట్టినరోజో జరిగాక అక్కడ నూనె చుక్కలు పడి ఉంటాయి, పైకి కనపడవు. పావుగంట ముందు వెళ్ళి తడిగుడ్డతో తుడిచి, తర్వాత పొడిగుడ్డతో తుడవండి. రెండు గుడ్డలూ మీ సంచీలోనే ఉండాలి, హాలు వాళ్ళ గుడ్డని నమ్మకండి. తాళాలు నేల మీద పెట్టకుండా చిన్న గుడ్డ పరిచి దాని మీద పెట్టండి. ఏ దేశపు వాద్యమైనా వాద్యమే కదా.

నాగమల్లి – గుంటూరు

అక్కా, మీరు రాసింది మూడుసార్లు చదివాను. ఇవాళ పొద్దున్నే వెళ్ళి హాలు చూశాను. మీరన్నట్టే ఒక గోడంతా కిటికీలు, ఎదురుగా ట్యూషన్ సెంటరు! గజ్జెల మూటగారూ, గ్రానైటే. మీ మాట పాటిస్తాను.

ఇంకొక్కటి అడగాలి. హాలు ఓనరుగారు పుస్తకంలో ఏ క్లాసు అని రాసుకోవాలి అన్నారు. బెల్లీ డ్యాన్స్ అన్నాను. ఆయన మొహం ఒక్కసారిగా మారిపోయింది. “అలాంటివి ఇక్కడ కుదరవేమో అమ్మా” అన్నారు. ఇంట్లో మా అత్తగారికి కూడా ఆ పేరే అడ్డు పడుతోంది, డ్యాన్సు కాదు. మీరు ఏం చెప్తారు?

మొగల్రాజపురం మేడ – విజయవాడ

గజ్జెల మూటగారి మాట సరైనదే. నేను మూడో వారం నుంచే జిల్స్ ఇస్తున్నాను గానీ, చేతులు మోగుతుంటే మోకాళ్ళు బిగుసుకుపోయేవాళ్ళని నేనూ చూశాను. ఈ బ్యాచ్‌కి రెండు నెలలు ఆగి చూస్తాను.

నాగమల్లీ, ఆ మొహం మారడం నేనూ చూశాను. నా సంచీ ముందు జేబులో ఒక ప్లాస్టిక్ కవరు ఉంటుంది. అందులో గలబియ్యా వేసుకుని, చేతిలో కర్రతో సయీదీ ఆడుతున్న ఆడవాళ్ళ ఫోటో ఒకటి పెద్దదిగా ప్రింటు తీయించి పెట్టాను. ముందు అది చూపిస్తాను. మెడ నుంచి పాదాల దాకా బట్ట, నవ్వు మొహాలు, చేతిలో కర్ర. సయీద్ అంటే నైలు నది ఎగువ ప్రాంతం. మనకి కృష్ణ ఎగువ పడమటన ఉంటే వాళ్ళకి నైలు ఎగువ దక్షిణాన ఉంటుంది. అక్కడ మగవాళ్ళు తహ్‌తీబ్ అని కర్రలతో ఆడతారు, మన కర్రసాము లాంటిది. 2016లో యునెస్కో వారసత్వ జాబితాలోకి కూడా ఎక్కింది. ఆ కర్రనే ఆడవాళ్ళు నాట్యంలోకి తీసుకున్నారు. కర్రసాము అనగానే మన పెద్దవాళ్ళకి విషయం సగం అర్థమైపోతుంది.

పేరు సంగతి. అరబ్బీలో దీన్ని రక్స్ షర్కీ అంటారు, తూర్పు నాట్యం అని అర్థం. పొట్ట డ్యాన్సు అన్నది బయటివాళ్ళు, ముందు ఫ్రెంచివాళ్ళు, పెట్టిన పేరు. 1893లో చికాగోలో పెద్ద ప్రదర్శన జరిగినప్పుడు కైరో వీధి అని ఒకటి కట్టి అక్కడ ఈ నాట్యం ఆడించారు. ఆ పేరు అమెరికా అంతా పాకింది అప్పుడే. వివేకానందుడు మాట్లాడిన సర్వమత సభ కూడా ఆ ప్రదర్శనలో భాగంగా జరిగిందే. మా భవానీపురం హాలు పెద్దాయనకి ఈ మాట చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకుని “అదే చికాగోనా?” అన్నారు. నేను రసీదు పుస్తకంలో ‘ఈజిప్టు నాట్యం’ అని రాయిస్తాను, అబద్ధం కాదు. కానీ వచ్చినవాళ్ళకి బెల్లీ డ్యాన్స్ అనే చెప్తాను. దాచుకునే పని మనం చేయడం లేదు.

మీ అత్తగారిని ఒకసారి క్లాసుకి తీసుకురా. కుర్చీ వేసి కూర్చోబెట్టు. చున్నీ ఒకటి అదనంగా పెట్టుకో.

నాగమల్లి – గుంటూరు

సోమవారం అయిపోయింది. ఏడుగురు వచ్చారు. ఓనరుగారు ఫోటో చూసి, చికాగో మాట విని, ఏమీ అనకుండా ‘ఈజిప్టు నాట్యం’ అని రాసుకున్నారు.

దుప్పట్లు కట్టేసరికి పది నిమిషాలు పట్టింది, ఈసారి ఇంకాస్త ముందు వెళ్తాను. క్లిప్పులు డజను చాలలేదు. మజ్జిగ అంతా అయిపోయింది. పిన్నీసులు నాలుగు వాడాను, నాలుగూ మంగళసూత్రాలకే.

52 ఏళ్ళ ఆవిడ లోపలికి రాగానే “నా నడుముకి సరిపోయేవి ఉండవేమో” అన్నారు, ఇంకా నేను ఏమీ ఇవ్వకముందే. మంగళగిరి చున్నీ ఇచ్చాను, పచ్చది. చుట్టూ తిప్పి ముడి వేసుకున్నారు. కొసలు మోకాళ్ళ దాకా వేలాడాయి. వాటిని ఒకసారి చేత్తో సర్దుకుని, ఎవరూ చెప్పకుండానే ముందు వరసలోకి వచ్చి నిలబడ్డారు. అక్కా, ఇది మీకు చెప్పాలనే రాత్రి కూర్చుని రాస్తున్నాను.

అత్తగారు రాలేదు. కానీ బీరువాలోంచి ముదురు ఎరుపు షిఫాన్ చీర ఒకటి తీసి టేబుల్ మీద పెట్టారు, “ఇది ఎటూ కట్టడం లేదు” అన్నారు. సన్న జరీ ఉంది, కత్తిరిస్తాను. పట్నం బజారులో ఎలాస్టిక్ అడిగితే అరంగుళం, ముప్పావంగుళం రెండూ చూపించారు. ఏది తీసుకోను?

మొగల్రాజపురం మేడ – విజయవాడ

అరంగుళం. నల్లది తీసుకో, చెమట మరకలు కనపడవు. జరీ పారేయకు, మీ అత్తగారికే ఇవ్వు.